అమ్మానాన్నల్ని హైదరాబాద్ నుంచి వియన్నా తీసుకురావాలి, చవక ఫ్లైట్ తీస్కుంటే ఇబ్బందా?

వియన్నాలో_ఖమ్మం:
అందరికీ నమస్తే. నేను వియన్నాలో జాబ్ చేస్తున్నా, మే నెలలో అమ్మానాన్న ఫస్ట్ టైమ్ వస్తున్నారు. ఇద్దరికీ ఇంగ్లీష్ రాదు, అమ్మకి మోకాళ్ల నొప్పులు. రెండు దార్లు చూశా. ఒకటి ఎయిర్ అరేబియాలో షార్జా మీదుగా వియన్నా, ఒకే టికెట్. రెండోది లుఫ్తాన్సా డైరెక్ట్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ దాకా, అక్కడ్నుంచి లో కాస్ట్ ఫ్లైట్ ఏదన్నా విడిగా కొనడం. వచ్చాక రోమ్ కూడా చూపిద్దామని ఉంది. ఎవరన్నా పేరెంట్స్‌ని ఇలా తెచ్చుకున్నోళ్లు ఉంటే చెప్పండి ప్లీజ్.

గుంటూరు_అక్క:
తమ్ముడూ, విడి టికెట్లు మాత్రం వద్దు. మా అత్తమామలకి నేను అట్లాగే డబ్బులు మిగుల్తాయని రెండు వేరే కంపెనీల్లో కొన్నా, మొదటి ఫ్లైట్ రెండున్నర గంటలు లేటు, రెండోది వెళ్లిపోయింది, వాళ్లనడిగితే మాకు సంబంధం లేదు కొత్త టికెట్ కొనుక్కోమన్నారు. రాత్రంతా కుర్చీల్లో కూర్చున్నారు, మామయ్య బీపీ టాబ్లెట్లు చెక్-ఇన్ బ్యాగులో ఉండిపోయాయి. ఆ రాత్రి నేను ఫోన్ పట్టుకుని ఏడ్చాను. విడి టికెట్ అంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇమిగ్రేషన్ అయ్యి, బ్యాగులు తీస్కుని, మళ్లీ వేరే కౌంటర్‌లో ఇవ్వాలి. ఇంగ్లీష్ రాని పెద్దోళ్లతో అయ్యే పని కాదు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానే కావాలంటే వియన్నా దాకా ఒకే పీఎన్ఆర్‌లో తీస్కో, రెండో ఫ్లైట్ లుఫ్తాన్సాదో ఆస్ట్రియన్‌దో వస్తుంది, బ్యాగులు నేరుగా వియన్నాలో దిగుతాయి.

షార్జా_మీదుగా:
ఎయిర్ అరేబియా తీసిపారేసేది కాదు బ్రో, కాకపోతే రేటు చూసేటప్పుడు మొత్తం కలిపి చూడు. చెక్-ఇన్ బ్యాగు, భోజనం, సీటు అన్నీ తీస్కున్న ఫేర్ బట్టి ఉంటాయి. బ్యాగు బుకింగ్ అప్పుడే కొను, ఎయిర్‌పోర్ట్‌లో కొంటే వాచిపోద్ది. చిన్న విమానం, షార్జాకి నాలుగ్గంటలు, అక్కడ్నుంచి ఇంకో ఆరు గంటల దాకా. షార్జాలో ఎన్ని గంటలు ఆగాలో చూస్కో, 3, 4 గంటలైతే ఓకే, 10 గంటలు అయితే అమ్మకి కష్టం.

ఇంకోటి, ఈయూ (యూరోపియన్ యూనియన్) రూల్ 261 అని ఉంది. 3500 కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో ఎయిర్‌లైన్ తప్పుతో మూడు గంటలకి పైన లేటుగా చేరితే మనిషికి 600 యూరోలు దాకా ఇవ్వాలి. ఇండియా నుంచి వచ్చేటప్పుడు యూరప్ కంపెనీ అయితేనే వర్తిస్తది, గల్ఫ్ కంపెనీకి వర్తించదు. వియన్నా నుంచి తిరిగెళ్లేటప్పుడు ఏ కంపెనీ అయినా వర్తిస్తది.

వీల్‌చైర్ తప్పకుండా పెట్టు, ఫ్రీనే, కనీసం 48 గంటల ముందు చెప్పాలి. మనిషి వచ్చి సెక్యూరిటీ నుంచి గేటు దాకా దగ్గరుండి తీస్కెళ్తాడు, భాష రాదన్న భయం సగం పోద్ది.

బెజవాడ_ప్రయాణం:
పేరు జాగ్రత్త. మనోళ్ల పాస్‌పోర్టుల్లో కొందరికి సర్‌నేమ్ ఖాళీగా ఉంటది, కొందరికి ఇంటిపేరు పొట్టి అక్షరంగా పడుద్ది. పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అక్షరం అక్షరం అలాగే కొట్టు, సర్‌నేమ్ లేకపోతే ఆ ఎయిర్‌లైన్ సైట్‌లో ఏం రాయమన్నారో చూసి రాయి. తర్వాత మార్పించాలంటే డబ్బులు గుంజుతారు.

నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి పంపించొద్దని ఇప్పుడే చెప్పు, బయటి దేశాల నుంచి పాలవీ మాంసంవీ ఈయూలోకి తేకూడదు. ఆవకాయ ఓకే, కానీ చెక్-ఇన్‌లోనే, హ్యాండ్ బ్యాగులో పెడితే హైదరాబాద్‌లోనే తీసేస్తారు.

రోమ్‌కి రయానైర్ లాంటి చవక ఫ్లైట్ బుక్ చేస్తే మాత్రం ఫోన్‌లో ముందే చెక్-ఇన్ చెయ్, మర్చిపోయి ఎయిర్‌పోర్ట్‌లో చేయించుకుంటే రయానైర్ మనిషికి 55 యూరోల దాకా తీస్కుంటది. మన పాస్‌పోర్టులకి వీసా చూపించమంటారు, కాబట్టి తొందరగా వెళ్లు.

వియన్నాలో_ఖమ్మం:
అక్కా, బ్రో, అందరికీ థ్యాంక్స్. బ్యాగులు భోజనం అన్నీ కలిపి లెక్కేస్తే షార్జా దారికీ ఫ్రాంక్‌ఫర్ట్ ఒకే టికెట్‌కీ ఇద్దరికీ కలిపి 12 వేలే తేడా. ఫ్రాంక్‌ఫర్టే బుక్ చేశా, వీల్‌చైర్ పెట్టా. నాన్న పాస్‌పోర్ట్‌లో నిజంగానే సర్‌నేమ్ ఖాళీ, మీరు చెప్పకపోతే ఇంటిపేరు కొట్టేసేవాణ్ణి. అమ్మ అప్పుడే నెయ్యి కాచి పెట్టిందంట, అది చెల్లెలికి ఇమ్మన్నా. రోమ్‌కి మాత్రం నైట్‌జెట్ ట్రైన్ చూస్తున్నా, రాత్రి ఎక్కితే పొద్దున దిగుతాం. అందులో కింది బెర్త్ అమ్మకి గ్యారంటీగా దొరకాలంటే ఎలా బుక్ చేయాలో ఎవరికన్నా తెలుసా?