కణకణానికీ మారే ఎంఆర్‌ఎన్‌ఏ సంఖ్య: పాయిజాన్ నమూనా ఎందుకు చాలడం లేదు?

ప్రశ్న: ఎమ్మెస్సీ గణితం విద్యార్థిని, విజయనగరం

నమస్కారమండీ. ఒక జన్యువు నుంచి ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి జన్యువు నుంచి తీసే నకలు అణువు) స్థిరమైన రేటుతో పుడుతూ, ప్రతి అణువూ స్వతంత్రంగా నశిస్తూ ఉంటే, నిలకడ స్థితిలో వాటి సంఖ్య పాయిజాన్ విభాజనాన్ని అనుసరిస్తుందనీ, అంకమధ్యమమూ (సగటు) విస్తృతీ (వేరియన్స్) సమానమవుతాయనీ మాస్టర్ సమీకరణం (ఒక్కో సంఖ్యకు ఉండే సంభావ్యత కాలంతో ఎలా మారుతుందో చెప్పేది) నుంచి రాబట్టాను. కానీ మాకు అభ్యాసంగా ఇచ్చిన లెక్కలో, ఒకే జన్యుసంపద గల కణాల్లో అంకమధ్యమం 20, విస్తృతి 90. నమూనాలో ఏం మార్చాలో దయచేసి చెప్పగలరు.

జవాబు: జీవశాస్త్ర అధ్యాపకుడు, శ్రీకాకుళం

మీ ఉత్పాదన సరైనదే; స్థిరమైన రేటు అన్న ఊహే నిలవదు. ప్రమోటర్ (జన్యువు నకలు తీయడం మొదలయ్యే డీఎన్‌ఏ భాగం) కొంతసేపు తెరుచుకుని, ఎక్కువసేపు మూసుకుని ఉంటుంది కనుక ఎంఆర్‌ఎన్‌ఏ గుంపులుగా పుడుతుంది. రైలు వచ్చినప్పుడల్లా ఆమదాలవలస స్టేషన్ బయట ఆటోల దగ్గరకు జనం ఒక్కసారిగా వచ్చిపడడం చూసే ఉంటారు. రోజు మొత్తానికి సగటు తీస్తే ఆ సంగతి కనబడదు. తెరుచుకునే వ్యవధి చాలా తక్కువైతే ఈ రెండు స్థితుల నమూనా రుణ ద్విపద విభాజనాన్ని (నెగటివ్ బైనామియల్; ఇందులో విస్తృతి అంకమధ్యమం కన్నా ఎక్కువ) ఇస్తుంది. గుంపు సగటు పరిమాణం బి అనుకుంటే, విస్తృతిని అంకమధ్యమంతో భాగించగా 1 + బి వస్తుంది. మీ లెక్కలో ఆ నిష్పత్తి 4.5 కనుక బి విలువ 3.5, ఒక ఎంఆర్‌ఎన్‌ఏ సగటు జీవితకాలంలో దాదాపు 5.7 గుంపులు.

జవాబు: గణాంకశాస్త్రం చదివినవాడిని, బొబ్బిలి

అధ్యాపకులవారి లెక్కతో పేచీ లేదు, తీర్పు విషయంలోనే తొందర కనిపిస్తోంది. ప్రతి కణంలోనూ పాయిజాన్ ప్రక్రియే నడుస్తూ, పాలిమరేజ్ (ఎంఆర్‌ఎన్‌ఏను తయారుచేసే ఎంజైమ్), కణ పరిమాణం వంటివాటి వల్ల ఉత్పత్తి రేటు మాత్రం కణానికీ కణానికీ గామా విభాజనం ప్రకారం మారుతుందనుకోండి. అప్పుడు కూడా అచ్చంగా అదే రుణ ద్విపదం వస్తుంది. 90 = 20 + 400 × 0.175 కనుక, రేటులో సుమారు 42 శాతం (0.175కు వర్గమూలం) సాపేక్ష విచలనం ఉంటే చాలు, ఏ గుంపులూ అక్కరలేదు.

ప్రశ్న అడిగినవారు

ప్రేరక రసాయనాన్ని (జన్యువును మరింత చురుకుగా పనిచేయించేది) పెంచి అంకమధ్యమాన్ని 40కి తీసుకువెళితే రెండు వివరణలూ విడిపోతాయా అండీ?

జవాబు: బొబ్బిలి

కొంతవరకే. గుంపుల సంఖ్య మాత్రమే పెరిగితే విస్తృతి 180 అవుతుంది. రేటులోని సాపేక్ష తేడాలే కారణమైతే 40 + 1600 × 0.175, అంటే 320. అయితే ప్రేరకం గుంపుల సంఖ్యను కాక గుంపు పరిమాణాన్ని రెట్టింపు చేస్తే, బి 7 అయి మళ్లీ 40 × 8 = 320 వస్తుంది! అందుచేత 180 వస్తే నా వివరణను కొట్టివేయవచ్చు గానీ, 320 వస్తే ఏదీ తేలదు.

దీనికి మెరుగైన దారి 2002లో ఎలోవిట్జ్ బృందం ఈ. కోలై బ్యాక్టీరియా మీద చేసిన ప్రయోగం. ఒకే కణంలో, ఒకే రకం ప్రమోటర్ కింద, రెండు రంగుల్లో మెరిసే ప్రోటీన్లను పెట్టి చూశారు. రెండూ కలిసి హెచ్చుతగ్గులైన మేరకు కారణం కణం మొత్తానికి సంబంధించినది. ఒకదానితో ఒకటి పొంతన లేకుండా మారిన మేరకు అది ఆ జన్యువు దగ్గరి యాదృచ్ఛికత. మీ లెక్కలో ఒక్క జన్యువు అంకెలే ఉన్నాయి కనుక, రెండు వివరణలనూ రాసి, తేల్చడానికి రెండో జన్యువుతో సహవిస్తృతి (రెండూ కలిసి మారే మేర) కావాలని పేర్కొనండి.