ఫోటోలోంచి ట్యాగులను ఏం చేస్తాం? ఏరుతామా, తోడుతామా, రాబడతామా?

పురసవాక్కం నుంచి:
అందరికీ నమస్కారం. చిన్న సందేహమే కానీ రెండు రోజులుగా వదలడం లేదు. చెన్నైలో తెలుగు అక్షరాలు కనిపించే బోర్డులు, రాతిపలకలు కొన్నేళ్లుగా ఫోటోలు తీస్తున్నాను. ఊరు, వీధి, ఏం రాసి ఉంది అనేవి ఫోటో ఫైలులోనే ట్యాగులుగా పెట్టుకున్నాను. వాటన్నిటినీ ఒకచోట చూద్దామని మొన్న ఎగ్జిఫ్‌టూల్ నడిపాను. ఫోటో ఫైళ్లలో దాగిన సమాచారాన్ని చదివి చూపిస్తుంది. ఫిల్ హార్వే పెర్ల్ అనే కంప్యూటరు భాషలో రాసిన ఉచిత ప్రోగ్రాము, 2003 నుంచీ ఉంది. బటన్లుండవు, నల్లతెర మీద టైపు చేయాల్సిందే. ఊరికే నడిపితే కెమెరా మోడలు, లెన్సు, షట్టరు వేగం, జీపీఎస్ అంటూ పేజీలకు పేజీలు కక్కుతుంది. నాకు కావలసింది కీవర్డ్స్, సబ్జెక్ట్ అనే రెండు గళ్లే. ఆ పేర్లకు ముందు హైఫన్ తగిలించి, లోపలి ఫోల్డర్ల కోసం హైఫన్ ఆర్, పట్టికగా రావడానికి హైఫన్ సీఎస్‌వీ చేర్చాను. పని అయిపోయింది.

ఈ సంగతి మా అక్కకు తెలుగులో రాస్తూ ‘ఎక్స్‌ట్రాక్ట్ చేశాను’ దగ్గర ఆగిపోయాను. ‘వెలికితీశాను’ అంటే పేపరు చదివేవాళ్లకు బొగ్గో, బావిలో శవమో గుర్తొస్తుంది. ‘సంగ్రహించాను’ అంటే కుదించినట్టుంది. ‘రాబట్టాను’ అంటే ఫోటో చెప్పనని మొండికేసినట్టు! బాకీలూ నిజాలూ రాబడతాం గానీ ట్యాగులేం పాపం చేశాయి? నాకు ‘ఏరాను’ బాగుంది. అంత చెత్తలోంచి రెండే తీసుకున్నాను కదా. మీరేమంటారు?

మాంబళం నుంచి:
తోడడం అనండి. లోపల ఉన్నది, పైకి కనబడనిది. చేద వేసి తోడినట్టే.

పురసవాక్కం:
అండీ, తోడితే బావిలో నీళ్లు తగ్గుతాయి. ఇక్కడ ఏమీ తగ్గలేదు.

పెరంబూరు నుంచి:
తమ్ముడూ, ఆ లెక్కన నీ ‘ఏరడం’ కూడా తప్పే. బియ్యంలో రాళ్లు ఏరితే బియ్యంలో ఇక రాళ్లుండవు. నీ ట్యాగులు ఏరిన తర్వాత కూడా ఫోటోలోనే ఉన్నాయి. నువ్వు చేసింది నకలు. దానికి మనకు చక్కని పాత మాట ఉంది: ఎత్తి రాయడం. తాటాకు పుస్తకంలోంచి కాగితం మీదికి రాసుకుంటే ఎత్తి రాయడమే అనేవారు. మన ఊళ్లోనే ప్రాచ్య లిఖిత పుస్తకాలయం ఉంది. సర్వేయరు కల్నల్ మెకంజీ సేకరించిన వాటిలో కొన్ని, నిఘంటువు బ్రౌన్ దొర పండితుల చేత రాయించిన ప్రతులు కొన్ని అక్కడికే చేరాయి. మూలం మూలంగానే ఉంటుంది, అందులో మాట ఇటు వస్తుంది.

పైగా మా ఇంట్లో ఫోటో కూడా ‘ఎత్తుతారు’. అరవంలో ‘ఎడు’ అంటారు కదా, దాని ప్రభావం. విజయవాడ బంధువులు నవ్వుతారు, నవ్వనీ.

పురసవాక్కం:
అక్కా, దెబ్బకు నా వాదన పోయింది! పాత ప్రతుల్లో పురుగు తిన్న చోట్లుంటాయే, నాకూ అదే ఎదురైంది. ఒక ట్యాగు ‘చెన్నపట్నం టంకసాల వీధి బోర్డు’ అని పెట్టాను. కీవర్డ్స్ గడిలో చూస్తే ‘వీధి’ దగ్గరే తెగిపోయింది. ఆరా తీస్తే, ఆ గడి ఐపీటీసీ అనే వార్తాసంస్థల మండలి పెట్టిన పాత పద్ధతిది, అందులో ఒక్కో కీవర్డుకు 64 బైట్లే చోటు. ఇంగ్లీషుకు అక్షరానికి ఒక బైటు చాలు. కంప్యూటర్లు అక్షరాలు దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో మన హల్లుకు మూడు, గుడికి మూడు, పొల్లుకు మూడు. ‘వీధి’ అనే రెండక్షరాల మాటకే పన్నెండు! సబ్జెక్ట్ గడి కొత్త ఎక్స్‌ఎంపీ పద్ధతిది, ఆ హద్దు లేదు. అక్కడ ట్యాగు నిండుగా ఉంది. ఇకమీదట దాన్నే మూలప్రతిగా తీసుకుంటాను.

ఇంకో తలనొప్పి. ఒక్కో ట్యాగూ ఒక్కో లైనులో వేసి, సార్ట్ చేసి లెక్కపెట్టిస్తే ఒకే వీధి నాలుగు సార్లు వచ్చింది: టంకసాల, టంకశాల, తంగసాలై, మింట్ స్ట్రీట్. నాలుగూ నేను రాసినవే. వేరే ఎవర్నీ తిట్టడానికి లేదు.

మాంబళం:
‘పార్క్‌టౌన్’ లాంటివి కూడా చూసుకోండి. క తర్వాత పొల్లు నిలబెట్టడానికి కనబడని ఒక గుర్తు వేస్తాం. ఒక చోట వేసి, ఒక చోట మరిచిపోతే కంప్యూటరుకు అవి రెండు మాటలు. అన్నట్టు, ఆ ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపారంటే ట్యాగులు దారిలోనే రాలిపోతాయి. డాక్యుమెంటుగా పంపండి. ‘ఎత్తి రాయడం’ నాకూ నచ్చింది, నా చేద వెనక్కి తీసుకుంటున్నాను.

పురసవాక్కం:
మా అక్కకు అలాగే రాశాను: ‘నా ఫోటోల్లోని ట్యాగులన్నీ ఎత్తి రాశాను’ అని. ఇప్పుడే జవాబొచ్చింది: ‘అన్నీ చేత్తో రాశావా? వేళ్లు నొప్పెట్టలేదూ?’