బాబుకు మూత్రం కిందివైపు నుంచి వస్తోంది, ఆపరేషన్ ఎప్పుడు చేయించాలి?

ప్రశ్న (గుణుపురం నుంచి):
మా బాబుకు తొమ్మిది నెలలు. మూత్రం కొన నుంచి కాకుండా కాస్త కింద నుంచి వస్తోంది. చర్మమంతా పైవైపే పోగుపడింది. పెద్దయ్యాక అదే సర్దుకుంటుందని అత్తగారి నమ్మకం. సున్తీ చేయిస్తే సరిపోతుందని ఇక్కడ ఒకరు చెప్పారు. ఎవరి మాట వినాలి?

జవాబు (పర్లాకిమిడి నుంచి):
అమ్మా, సున్తీ మాత్రం చేయించకండి. సర్జన్లు చాలాసార్లు ఆ చర్మంతోనే మూత్రనాళాన్ని సరిచేస్తారు. దాన్ని ముందే కోసేస్తే పని కష్టమవుతుంది. బాబుకున్న ఈ సమస్య పేరు హైపోస్పేడియాస్. సుమారు 200 నుంచి 300 మంది మగపిల్లల్లో ఒకరికి ఉంటుంది. గ్రహణం వల్లో, మీరు తిన్నదాని వల్లో వచ్చింది కాదు, ఆ దిగులు పెట్టుకోకండి. అయితే దానంతటదే సర్దుకోదు. ఆపరేషన్ అవసరమైతే సాధారణంగా 6 నుంచి 18 నెలల మధ్య చేస్తారు. అంటే ఇప్పుడే పిల్లల సర్జన్‌కు చూపించాలి. బరంపురంలోనో విశాఖలోనో చూపించవచ్చు. రెండు వృషణాలూ సంచిలో ఉన్నాయో లేదో కూడా చూడమని అడగండి. ఒక్కటి చేతికి తగలకపోయినా హార్మోను, క్రోమోజోము పరీక్షలు అవసరం కావచ్చు.

జవాబు (రాయగడ నుంచి):
చెల్లెమ్మా, మా వాడికి విశాఖలో చేయించాం. నాకు ఆపరేషన్ కంటే తర్వాతి వారమే కష్టమనిపించింది. మూత్రం పోవడానికి సన్నని గొట్టం పెడతారు. రెండు డైపర్లు వేయాలి. లోపలి డైపర్‌కు చిన్న రంధ్రం చేసి గొట్టం కొనను అందులోంచి బయటికి తీస్తారు. మూత్రం పై డైపర్‌లోకి పోతుంది, మలం లోపలి దానిలోనే ఉండిపోతుంది, కట్టు తడవదు. డిశ్చార్జికి ముందే నర్సు ఎదుట మీ చేత్తో ఒకసారి మార్చి చూడండి. బాబును చంకనెత్తుకోకండి, బండి మీద కాళ్లు అటొకటి ఇటొకటి వేసి కూర్చోబెట్టకండి. జ్వరం వచ్చినా, గొట్టం జారినా, మూత్రం ఆగినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్నించినవారు:
ఖర్చు మాటేమిటి? మా రేషన్ కార్డు ఒడిశాది.

జవాబు (పర్లాకిమిడి నుంచి):
ఆంధ్రలోని ఎన్టీఆర్ వైద్య సేవ (పాత పేరు ఆరోగ్యశ్రీ) ఆంధ్ర కుటుంబాలకే. ఆయుష్మాన్ కార్డు ఉంటే, ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లో ఇతర రాష్ట్రంలోనూ చెల్లుతుంది. ఈ ఆపరేషన్‌కు అక్కడ వర్తిస్తుందా అని బయలుదేరే ముందే ఫోను చేసి అడగండి. బాబు మూత్రం పోసేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి. ధార ఎక్కడి నుంచి, ఎటు పోతుందో డాక్టరుకు తెలుస్తుంది. ఆపరేషన్ తర్వాత కూడా ధార సన్నబడినా, మరోచోట నుంచి కారినా మళ్లీ చూపించాలి. అలా కారే రంధ్రాన్ని సరిచేయడానికి సాధారణంగా ఆరు నెలలైనా ఆగుతారు. ఆ ఆలస్యానికి కంగారుపడకండి.