అప్‌డేట్: మైక్రోవేవ్ తిరుగుతోంది కానీ వేడెక్కడం లేదు

లైటు వెలుగుతోంది, ప్లేటు తిరుగుతోంది, కాఫీ మాత్రం చల్లగానే ఉంటోంది, బాగు చేయించాలా కొత్తది కొనాలా అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. మెకానిక్ వచ్చి చూస్తే మాగ్నెట్రాన్ (వేడి పుట్టించే మైక్రోవేవ్ తరంగాలను తయారుచేసే భాగం) పోయింది. డోర్ స్విచ్, ఫ్యూజు బాగానే ఉన్నాయి. పాత మెషీన్‌కి అంత ఖర్చు దండగనిపించి 20 లీటర్ల సోలో మోడల్ (మైక్రోవేవ్ మాత్రమే ఉండేది) కొన్నాం. వేడి చేసుకోవడానికే అయితే కన్వెక్షన్ (వేడి గాలితో బేకింగ్ చేసే సౌకర్యం) అక్కర్లేదు. దయచేసి ఎవరూ సొంతంగా విప్పకండి, ప్లగ్ తీసేసినా లోపల కరెంటును నిల్వ చేసే కెపాసిటర్‌లో ఛార్జ్ నిలిచి ఉంటుంది, ప్రాణాలకే ప్రమాదం.

కాఫీ వేడిగా ఉంచే విషయంలో, ఫ్లాస్కులో పోసి ఉంచమన్న సలహానే పనిచేసింది. ముందు మరిగే నీళ్లు పోసి కాసేపుంచి, పారబోసి, అప్పుడు కాఫీ పోయాలి. నాన్న వాకింగ్ నుంచి వచ్చేసరికి కూడా పొగలు కక్కుతోంది. డికాక్షన్ విడిగా ఉంచి, పాలు మాత్రమే ఫ్లాస్కులో పోస్తే రుచి ఇంకా బాగుంది.