వించ్ విప్పి బిగించాక లాగుతోంది కానీ బండిని పట్టి ఆపడం లేదు

పాతజీపు_ఈసీఐఎల్:

అన్నలందరికీ నమస్తే. నాది 1996 మోడల్ మహీంద్రా ఎంఎం 540 జీపు. ముందు వైపు 12 వోల్టుల వించ్ (డ్రమ్ముకు చుట్టిన రోప్‌తో ఇరుక్కున్న బండిని లాగే మోటారు) ఉంది, 9500 పౌండ్లు లాగేది, అంటే మన లెక్కలో సుమారు 4300 కిలోలు. స్టీల్ రోప్. సెకండ్‌హ్యాండ్‌లో కొని మూడేళ్లయింది. నిజం చెప్పాలంటే ఈ మూడేళ్లలో నాలుగుసార్లు వాడానేమో.

పోయిన నెల అనంతగిరి వైపు వెళ్లాం. ఫ్రెండ్ బండి బురదలో ఇరుసుదాకా దిగింది. నేను హీరోలా రిమోట్ తీసి బటన్ నొక్కితే 'టక్' అని సోలెనాయిడ్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్) చప్పుడు, అంతే. మోటారులో చలనం లేదు. చివరికి ట్రాక్టర్ అతను వచ్చి లాగి, పదిహేను వందలు తీసుకుని, నా వించ్ వంక చూసి ఒక నవ్వు నవ్వాడు. ఆ నవ్వు గుర్తొచ్చి ఆదివారం సెల్లార్‌లో గోనెసంచి పరుచుకుని విప్పడం మొదలుపెట్టా. ఒక పక్క నేను, ఇంకో పక్క వాచ్‌మన్ తన సైకిల్ వెనక చక్రం విప్పుకుని కూర్చున్నాడు. వర్క్‌షాపులా తయారైంది.

గేర్‌బాక్స్ వైపు భయపడినంత లేదు. మూడు అంచెల ప్లానెటరీ గేర్లు, గ్రీజు గట్టిపడి గోధుమరంగు హల్వాలా ఉంది. పళ్లు మాత్రం బాగున్నాయి. పెట్రోలుతో కడిగి కొత్త గ్రీజు పెట్టా. మోటారే చుక్కలు చూపించింది. పొడుగు బోల్టులు రెండూ తుప్పుతో బిగుసుకుపోయాయి, రాత్రంతా నూనెలో నానబెట్టాల్సి వచ్చింది. మూత తీస్తే లోపలి నుంచి చాయ్ రంగు నీళ్లు కారాయి. కార్బన్ బ్రష్షులు హోల్డర్లలో ఇరుక్కుపోయి కమ్యుటేటర్‌ను (బ్రష్షుల నుంచి కరెంటు అందుకునే, తిరిగే రాగి భాగం) తాకనే లేదు. రాణిగంజ్‌లో సీళ్లు, బ్రష్షులు తెచ్చి వేశా. మొదటి షాపులో మిక్సీ బ్రష్షులు చేతిలో పెట్టబోయాడు. వందల ఆంపియర్లు లాగే మోటారుకు రాగి కలిసిన బ్రష్షులే కావాలని తెలుసు కాబట్టి బతికిపోయా.

విప్పేటప్పుడు వైర్లకు టేపు చుట్టి పెన్నుతో గుర్తులు రాశాను. పెట్రోలు తగిలి ఆ రాత పోయింది, గుర్తున్నట్టు బిగించేశా. ఫోటోలు తీశా కానీ అన్నీ గేర్‌బాక్స్ వైపే.

ఖాళీగా తిప్పితే బ్రహ్మాండంగా తిరిగింది. రోప్ చుట్టి కీసర దగ్గర మా బావమరిది ప్లాటుకు తీసుకెళ్లా. అక్కడ చిన్న ఎత్తు ఉంది, పైన వేపచెట్టు. చెట్టుకు పట్టీ వేసి జీపును తనంతట తానే ఎక్కేలా లాగించా. ఎక్కింది కానీ మోటారు ఏడుస్తోంది, హెడ్‌లైట్లు మినుకుమినుకుమంటున్నాయి. బటన్ వదలగానే జీపు వెనక్కి జారింది! ఫుట్ బ్రేక్ తొక్కి ఆపా. దిగి చూస్తే డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత వేడి.

వించ్ లోపలి బ్రేక్ పోయినట్టేనా? కొత్త సెట్టు తెప్పించాలంటే నెల పడుతుందట. ఇంకో టెన్షన్ ఏంటంటే, అంతా బిగించాక గోనెసంచి మీద ఒక వాషర్ మిగిలింది.

బురదలో_భాయ్:

అన్నా, నూటికి తొంభై పాళ్లు బ్రేక్ షూలకు గ్రీజు అంటి ఉంటుంది. మన అలవాటు ఎలాంటిదంటే, కొత్త డబ్బా తెరిస్తే కనబడిన ప్రతిదానికీ పూసేస్తాం. డ్రమ్ము లోపల బ్రేక్ ఉండే వించ్‌లో ఆ గది పొడిగా ఉండాలి. నేనూ ఒకసారి చేశా ఈ తప్పు. బ్రేక్ క్లీనర్ కొట్టి, షూల పైపొర జీరో పేపరుతో గరుకు చేస్తే సరిపోయింది.

జీపు జారుతుంటే వెనక ఎవరూ లేరు కదా? ఈసారి చక్రాల వెనక రాళ్లు పెట్టుకో అన్నా. రోప్ మీద పాత దుప్పటైనా వెయ్యి. తెగిన స్టీల్ రోప్ ఎటు కొడుతుందో చెప్పలేం.

పాతజీపు_ఈసీఐఎల్:

వెనక ఎవరూ లేరు భాయ్, బావమరిది పక్కన నిలబడి వీడియో తీస్తున్నాడు. అది చూసి ఇంట్లో వేరే పంచాయితీ.

నిన్న మళ్లీ బ్రేక్ తీశా. గ్రీజు లేదు. షూలు మందంగానే ఉన్నాయి, స్ప్రింగు విరగలేదు. కాకపోతే బాగా కాలిన వాసన వస్తోంది.

లేత్_బాబాయ్:

తమ్ముడూ, బాలానగర్‌లో లేత్ పెట్టుకుని ముప్పై ఏళ్లయింది, రివైండింగ్ కూడా చేస్తాం. బ్రేక్ సెట్టు కొనకు, ఆగు. ఒక్కటి చెప్పు. బండి ముందు నిలబడి చూస్తే రోప్ డ్రమ్ము కింది నుంచి బయటికి వస్తోందా, పై నుంచా?

పాతజీపు_ఈసీఐఎల్:

పై నుంచి బాబాయ్. రిమోట్‌లో 'లోపలికి' నొక్కితే డ్రమ్ము ఎటు తిరిగిందో అటే చుట్టా. తప్పా?

మీరు అడిగాక పాత ఫోటోలు వెతికా. రెండేళ్ల కింద తీసినదాంట్లో రోప్ కింది నుంచే ఉంది.

లేత్_బాబాయ్:

దొరికింది. నీ బ్రేక్‌కు ఏ రోగమూ లేదు, దాన్ని నువ్వు తలకిందులుగా పని చేయిస్తున్నావు.

ఆ బ్రేక్‌కు ఒక వైపే తెలుసు. లోపలికి చుట్టే వైపు మోటారు తిరిగితే షూలు డ్రమ్మును వదిలేస్తాయి, తేలిగ్గా తిరుగుతుంది. బటన్ వదిలాక బరువు డ్రమ్మును వెనక్కి తిప్పబోతే షూలు విచ్చుకుని పట్టేస్తాయి. బయటికి వదిలే వైపు తిప్పితే మోటారు ఆ పట్టును తోసుకుంటూ పోవాలి. ఇప్పుడు నువ్వు రోప్‌ను అటువైపు నుంచి చుట్టావు. అంటే బండిని లాగుతున్నంతసేపూ మోటారు బ్రేక్‌తో కుస్తీ పడుతోంది. అందుకే ఆ ఏడుపు, ఆ వేడి. వదలగానే బరువు లాగేది బ్రేక్ పట్టని వైపుకు, అందుకే జారింది. అదృష్టం బాగుండి నీది స్టీల్ రోప్. ఆ వేడికి సింథటిక్ రోప్ అయితే లోపలి చుట్లు మెత్తబడిపోయేవి.

కారణం నీ టేపు మీద చెరిగిపోయిన రాత. మోటారు మీద ఎఫ్1, ఎఫ్2 అని రెండు టెర్మినళ్లుంటాయి, అవి ఫీల్డువి, అంటే కదలకుండా ఉండే కాయిల్‌వి. ఏ అని ఉన్నది ఆర్మేచర్‌ది, అంటే లోపల తిరిగే భాగానిది. ఎఫ్1, ఎఫ్2 వైర్లు తారుమారైతే మోటారు ఉల్టా తిరుగుతుంది. బ్యాటరీ ప్లస్, మైనస్ మార్చి చూద్దామనుకోకు. సీరీస్ మోటారు కదా, రెండింటిలోనూ ఒకే కరెంటు పోతుంది, కాబట్టి ఫీల్డులోనూ ఆర్మేచర్‌లోనూ కరెంటు ఒకేసారి తిరగబడుతుంది, మోటారు మళ్లీ అటే తిరుగుతుంది. ఫీల్డు కాయిల్ బదులు అయస్కాంతాలుండే మాగ్నెట్ మోటారు అయితే టెర్మినళ్లు రెండే ఉంటాయి, వాటినే మార్చాలి.

ముందు బ్యాటరీ కేబుల్ ఊడదీయి. డ్రమ్మును గేర్ల నుంచి విడదీసే క్లచ్ వదిలి రోప్ అంతా చేత్తో లాగేయి. ఎఫ్1, ఎఫ్2 మార్చు. రోప్ లేకుండా రెండు వైపులా తిప్పి చెవి పెట్టి విను. ఒక వైపు తేలిగ్గా, ఇంకో వైపు కొంచెం బరువుగా తిరుగుతుంది. తేలికైనదే లోపలి వైపు, రిమోట్‌లోనూ అదే రావాలి. అప్పుడు రోప్ కింది నుంచి, కాస్త బరువు పెట్టి బిగుతుగా చుట్టు. వాడేటప్పుడు డ్రమ్ము మీద కనీసం ఐదు చుట్లు మిగలాలి, రోప్ చివర ఉన్న చిన్న స్క్రూ మీద భారం పడకూడదు.

వాషర్ సంగతి తేలిగ్గా తీసుకోకు. గేర్ల మధ్య థ్రస్ట్ వాషర్ ఒకటి లేకపోయినా ఇనుముకు ఇనుము రాసుకుంటుంది. మళ్లీ విప్పి ప్రతి అంచె చూసుకో. ఇంకోటి, మోటారు మూతకు నీళ్లు పోయే రంధ్రం ఉందేమో చూడు. బండికి ఎక్కించినప్పుడు అది కింది వైపుకు రావాలి. చాయ్ రంగు నీళ్లన్నావు కదా, నాకైతే అక్కడే అనుమానం. నెలకోసారి రెండు నిమిషాలు తిప్పుతూ ఉంటే బ్రష్షులు ఇరుక్కోవు.

పాతజీపు_ఈసీఐఎల్:

బాబాయ్, మీకు దండం! ఎఫ్1, ఎఫ్2 మార్చా. ఆదివారం అదే ప్లాటు, అదే వేపచెట్టు, ఈసారి చక్రాల వెనక రాళ్లు. జీపు సాఫీగా ఎక్కింది. సగంలో బటన్ వదిలితే మేకు కొట్టినట్టు నిలబడింది. డ్రమ్ము గోరువెచ్చగా ఉంది, అంతే. మీరన్నట్టే నీళ్ల రంధ్రం పై వైపుకు ఉంది, మోటారు తిప్పి బిగించా.

వాషర్ కోసం గేర్‌బాక్స్ మొత్తం మళ్లీ విప్పా. ఎక్కడివక్కడే ఉన్నాయి, ఒక్కటి కూడా తక్కువ లేదు. సాయంత్రం మిగిలినదాన్ని చేతిలో పట్టుకుని సెల్లార్‌లో కూర్చుంటే వాచ్‌మన్ వచ్చి, "సార్, అది నా సైకిల్‌ది. వారం నుంచి వెతుకుతున్నా" అన్నాడు.