సీటు కింది స్విచ్చి తీసేసిన గడ్డి కోత బండి బాగుపడినట్టేనా?

గజపతినగరం తోట:

మా నాలుగు ఎకరాల మామిడితోటలో వానలు పడితే గడ్డి మోకాళ్ల దాకా లేస్తుంది. విజయనగరం దగ్గర మూతపడిన ఒక కర్మాగారం అతిథిగృహం సామాను వేలం వేస్తున్నప్పుడు, మీద కూర్చుని నడిపే గడ్డి కోత బండి ఒకటి కనబడింది. ఆరేళ్లుగా రేకుల షెడ్డులో పడి ఉందన్నారు. టైర్లలో గాలి లేదు, సీటు చిరిగి స్పాంజి బయటికి వచ్చింది. అయినా తెచ్చుకున్నాను.

రెండు నెలలు ప్రతి సాయంత్రం దాని దగ్గరే గడిపాను. ట్యాంకులో మిగిలిన పెట్రోలు రంగుమారి వార్నిష్ వాసన వేస్తోంది. కార్బురేటర్ విప్పితే ఇత్తడి జెట్టు రంధ్రం పచ్చటి చిలుముతో పూడిపోయి ఉంది. సన్నని రాగి తీగతో, క్లీనర్‌తో శుభ్రం చేశాను. ఇంజను మీది గాలి కవచం తీస్తే లోపల ఎలుక గూడు, ఇంజనును చల్లబరిచే పలకల (ఫిన్నుల) మధ్య ఇంత గడ్డి. అలాగే నడిపితే చల్లగాలి తగలక ఇంజను మాడిపోయేది. ఆయిలు, ప్లగ్గు, 12 వోల్టుల బ్యాటరీ కొత్తవి వేశాను. సెల్ఫ్ తిరిగింది కానీ ప్లగ్గులో నిప్పురవ్వ లేదు.

చివరికి ఒక మెకానిక్‌ను పిలిపించాను. ఆయన ఇంజను దగ్గర ఒక సన్నని తీగ ఊడదీశాడు, అంతే, బండి ఒక్క పట్టున అందుకుంది. ఆ శబ్దం విన్నప్పుడు నా కళ్లు చెమర్చాయి. తరువాత ఆయన సీటు కింది స్విచ్చి (బ్లేడు తిరుగుతుండగా మనిషి లేస్తే ఇంజనును ఆపేది), బ్రేకు దగ్గరి స్విచ్చి (బ్రేకు తొక్కితేనే సెల్ఫ్ తిరగనిచ్చేది) రెండూ పనికిరావని చెప్పి పక్కకు తీసేసి, వైర్లు నేరుగా కలిపేశాడు. ఇప్పుడు బ్రేకు తొక్కకపోయినా సెల్ఫ్ తిరుగుతుంది. బ్లేడు తిరుగుతుండగా నేను దిగిపోయినా తిరుగుతూనే ఉంటుంది. తాళం తిప్పినా ఇంజను ఆగదు, చోక్ లాగి ఆపుతున్నాను. మా అల్లుడు చూసి, ఇది బాగుచేయడం కాదు మామయ్యా, మళ్లీ స్విచ్చిలు పెట్టించండి అన్నాడు. మెకానిక్ అక్కర్లేదంటున్నాడు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పార్వతీపురం మెకానిక్:

మాస్టారూ, బండి నడుస్తోంది కదా, నడవనివ్వండి. ఇరవై రెండేళ్లుగా ఆయిలు ఇంజన్లు, పవర్ టిల్లర్లు బాగుచేస్తున్నాను. టిల్లర్‌కు సీటు స్విచ్చి ఎక్కడుంది? పాత ట్రాక్టర్లకు ఎక్కడుంది? ఆ స్విచ్చిలు నున్నటి పచ్చికబయళ్ల కోసం పెట్టినవి. మన తోటలో గట్లు, మొదళ్లు, ఎండిపోయిన కాలవలు. బండి ఎగిరిన ప్రతిసారీ సీటు లేస్తుంది, ఇంజను ఆగుతుంది, మళ్లీ సెల్ఫ్ కొట్టాలి. పదిసార్లు ఆగితే బ్యాటరీ దిగిపోతుంది. పైగా ఆ స్విచ్చి మన ఊళ్లో దొరకదు. తెప్పించుకుంటే ఎన్నాళ్లకు వస్తుందో తెలియదు, ఈలోగా గడ్డి ఆగుతుందా? తాళం చెవితో ఇంజను ఆగేలా మాత్రం చేయించుకోండి, అది కావాలి. మిగతాది జాగ్రత్తగా నడిపేవాడి చేతిలో ఉంది.

చీపురుపల్లి వైరింగు:

పార్వతీపురం అన్నగారి అనుభవాన్ని గౌరవిస్తాను. కానీ టిల్లర్‌తో పోలిక నాకు అంగీకారం కాదు. టిల్లర్ వెనక నడిచేవాడు రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని ఉంటాడు. ఈ బండి మీద కూర్చున్నవాడు ఎందుకు దిగుతాడో ఒక్కసారి ఆలోచించండి. తడి గడ్డి, బ్లేడును కప్పే రేకు (డెక్కు) పక్కన కోసిన గడ్డి బయటికి పోయే దారిలో అడ్డుపడుతుంది. కొమ్మ ఇరుక్కుంటుంది. మన దగ్గర జూలై నుంచి అక్టోబరు దాకా గడ్డి పొడిగా ఉండే రోజు ఎన్ని? అంటే దిగేది సరిగ్గా బ్లేడు దగ్గర చెయ్యి పెట్టడానికే. బ్లేడు రేకు కింద ఉంటుంది, కనబడదు. ఇంజను హోరులో అది తిరుగుతోందో లేదో చెవికి కూడా తెలియదు. స్విచ్చి పెట్టింది ఆ ఒక్క క్షణం కోసం.

అమెరికాలో తోసుకుంటూ నడిపే గడ్డి కోత యంత్రాలకు 1982 నుంచి ఒక నియమం ఉంది: చెయ్యి హ్యాండిల్ వదిలిన 3 సెకన్లలో బ్లేడు ఆగాలి. ఆ దేశంలో నున్నటి పచ్చికబయళ్లే ఎక్కువ. అక్కడే అవసరమైతే మన తోటల్లో ఇంకా అవసరం కదా.

ఇక మాస్టారి బండి సంగతి. అందులో నిప్పురవ్వ పుట్టించేది బ్యాటరీ కాదు. ఇంజనుతో పాటు తిరిగే చక్రం (ఫ్లైవీలు) అంచున ఉన్న అయస్కాంతం, పక్కనున్న తీగచుట్ట (కాయిలు) ముందు నుంచి పోయినప్పుడల్లా రవ్వ పుడుతుంది. ఆ కాయిలు నుంచి వచ్చే సన్నని తీగ ఇనుప చట్రానికి తగిలితే రవ్వ ఆగిపోతుంది. తాళం చెవి ఆఫ్ చేసినా, బ్లేడు తిరుగుతుండగా సీటు ఖాళీ అయినా లోపల జరిగేది అదే. మీ మెకానిక్ తీగ ఊడదీయగానే రవ్వ వచ్చిందంటే కాయిలు బాగుందని, ఆ తీగ ఎక్కడో చట్రానికి తగులుతోందని అర్థం. స్విచ్చి పాడైందని దానితో తేలలేదు. పరీక్ష సగంలో ఆపి తీర్పు చెప్పేశారు.

మల్టీమీటర్ తీసుకుని, రెండు కొసలు కలిసి ఉంటే కూసే అమరికలో పెట్టి, ఊడదీసిన తీగ కొసకూ చట్రానికీ మధ్య చూడండి. స్విచ్చిలన్నీ మళ్లీ తగిలించి, మీరు సీటు మీద కూర్చుని, బ్రేకు తొక్కి, తాళం ఆన్‌లో పెట్టినప్పుడు మీటరు కూయకూడదు. కూస్తే ఒక్కొక్క స్విచ్చి కనెక్టర్ విడదీస్తూ వెళ్లండి, ఎక్కడ కూత ఆగిందో తప్పు అక్కడ. ఒక్క హెచ్చరిక: పరీక్షకు కూడా ఆ సన్నని తీగకు బ్యాటరీ నుంచి 12 వోల్టులు ఇవ్వకండి. కాయిలు కాలిపోతుంది.

కవిటి కొబ్బరి:

నేను యంత్రాలు బాగుచేసేదాన్ని కాను, మాది ఉద్దానంలో కొబ్బరితోట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు సగానికి పైగా చెట్లు పడిపోయాయి. మొదళ్లు చాలావరకు తవ్వించలేకపోయాం, ఇప్పటికీ గడ్డిలో దాక్కుని ఉన్నాయి. రెండేళ్ల కిందట చేతితో పట్టుకుని గడ్డి కోసే యంత్రం తెచ్చాం. అడ్డం వస్తోందని మా మరిది దాని రక్షణ రేకు విప్పేశాడు. ఆయన జాగ్రత్త మనిషి, ఆయన నడిపినంత కాలం ఏమీ కాలేదు. ఒకరోజు ఆయన ఊళ్లో లేరు, కూలికి వచ్చిన కుర్రవాడు పనిలో పనిగా దాన్ని అందుకున్నాడు. రేకు ఉండాలన్న సంగతి కూడా అతనికి తెలియదు. మొదలుకు తగిలిన బ్లేడు ఎగిరి అతని కాలి మడమ మీద పడింది. నరం తెగింది. ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు. వాళ్లమ్మ మా ఇంటి ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నేను తల దించుకుంటాను.

జాగ్రత్తగా నడిపేవాడి చేతిలో ఉందని పార్వతీపురం వారు రాశారు. యంత్రం ఎప్పుడూ ఒకే చేతిలో ఉండదు అన్నగారూ. మాస్టారికి తన బండిలో స్విచ్చి లేదని తెలుసు. రేపు ఎవరో ఎక్కుతారు, వాళ్లకు ఎవరు చెబుతారు?

పార్వతీపురం మెకానిక్:

అమ్మా, ఆ కుర్రవాడి సంగతి చదివి బాధ కలిగింది. నేను స్విచ్చి వద్దనలేదు, దొరకనప్పుడు పని ఆపుకోవద్దన్నాను. కానీ బండి ఎగిరినప్పుడల్లా ఇంజను ఆగిపోవడం నిజమే కదా. దానికి చీపురుపల్లి తమ్ముడు జవాబు చెప్పలేదు.

చీపురుపల్లి వైరింగు:

న్యాయమైన ప్రశ్న. ఎక్కువగా అది స్విచ్చి దోషం కాదు, సీటు దోషం. కీలు అరిగి, స్ప్రింగులు తుప్పుపట్టి, స్పాంజి చచ్చిపోయి ఉంటే సీటు స్విచ్చిని పూర్తిగా నొక్కదు. చిన్న కుదుపుకే వదిలేస్తుంది. సీటు బాగుచేస్తే చాలావరకు పోతుంది. గట్ల మీద వేగం తగ్గించాలి, అదీ మంచిదే. ఇక స్విచ్చి దొరకదంటే, అది నొక్కితే కలిసే రకమో విడిపోయే రకమో మీటరుతో చూసుకుని, అదే రకం స్విచ్చి విశాఖపట్నంలో విద్యుత్ సామాను కొట్లో వెతకండి. రకం తారుమారైతే పని తిరగబడుతుంది, అందుకే బిగించాక సీటు ఖాళీగా ఉంచి పరీక్షించాలి.

ఇంకొకటి. బ్లేడు లివరు వదలగానే దాన్ని ఆపే చిన్న బ్రేకు దిమ్మ కూడా చూడండి. అది అరిగిపోతే లివరు వదిలినా బ్లేడు తన ఊపులో తిరుగుతూనే ఉంటుంది. స్విచ్చి ఒక్కటే పెట్టి నిశ్చింతగా ఉండకండి.

గజపతినగరం తోట:

అందరికీ నమస్కారాలు. ఆదివారం మా అల్లుడితో కలిసి చూశాను. స్విచ్చిలు రెండూ తగిలించగానే మీటరు కూసింది. బ్రేకు స్విచ్చి విడదీశాం, కూత ఆగలేదు. సీటు స్విచ్చి విడదీశాం, అప్పుడూ ఆగలేదు. అంటే స్విచ్చిలు రెండూ బాగానే ఉన్నాయి! వైరు వెంట వేళ్లతో తడుముకుంటూ వెళితే సీటు కింద చట్రం వంపు దగ్గర ఎలుకలు తొడుగు కొరికేశాయి. లోపలి రాగి ఇనుముకు తగులుతోంది. జానెడు వైరు మార్చి, తొడుగు వేసి, పచ్చ చిలుము పట్టిన కనెక్టర్లు గీకి బిగించాం. సీటుకు కొత్త స్పాంజి, స్ప్రింగులు వేయించాను. బ్రేకు దిమ్మ సగం అరిగింది, దానికి మాత్రం ఇంకా వెతుకుతున్నాను. అది దొరికే దాకా తోటలోకి తీసుకువెళ్లను.

ఇంటి వెనక ఖాళీ జాగాలో పరీక్షించాం. బ్లేడు వేసి సీటు మీంచి లేచాను. ఇంజను టక్కున ఆగింది. మళ్లీ లేచాను, మళ్లీ ఆగింది. మా అల్లుడి కన్నా నేనే ఎక్కువసార్లు లేచి చూశాను.

ఇంకో సందేహం. బంకుల్లో ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు కదా, కార్బురేటర్ మళ్లీ పూడిపోదా?

పార్వతీపురం మెకానిక్:

మంచి పని చేశారు మాస్టారూ. ఎలుక సంగతి నాకూ తట్టలేదు. ఇకమీదట నా దగ్గరికి వచ్చే బండికి ముందు వైరు చూస్తాను. పెట్రోలుకు వస్తే, ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది, చిన్న ఇంజన్ల కంపెనీలు మామూలుగా 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి. నెలకు మించి ఆపేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లో ఉన్నదంతా అయిపోయి ఇంజను తనంతట తాను ఆగేదాకా నడపండి. బ్రేకు దిమ్మ కొలతలు రాయండి, టిల్లర్ క్లచ్చి ముక్కతో కోసి పంపగలనేమో చూస్తాను.