.50 మజిల్‌లోడర్: గుండ్లు చెదురుతున్నాయి, మొదటిదైతే పూర్తిగా వేరే చోట పడుతోంది. లోడ్ ఎలా కుదుర్చుకోవాలి?

అడవిబాట:
నాది మూతి (బ్యారెల్ ముందు చివర) నుంచి మందు, గుండు కూరే తుపాకి, అంటే మజిల్‌లోడర్. పక్కనున్న సుత్తి క్యాప్‌ని కొట్టి పేల్చే పర్కషన్ సైడ్‌లాక్, .50 కాలిబర్ (బోర్ అర అంగుళం), 48 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి మెలి గాడులు). .490 అంగుళాల సీసపు గుండు, దాని చుట్టూ పెట్టే .010 అంగుళాల మందం జిడ్డు గుడ్డ (ప్యాచ్), 2ఎఫ్ రవ్వ సైజు నల్లమందు 90 గ్రెయిన్లు (మందుకీ గుండుకీ వాడే చిన్న కొలత). 50 గజాల్లో ఐదు గుండ్లు 5 అంగుళాల మేర చెదురుతున్నాయి. శుభ్రం చేసిన బ్యారెల్‌లోంచి వెళ్లే మొదటిది మిగతావాటికి మూడంగుళాలు పైన పడుతోంది. నాలుగోది కూరేసరికి ర్యామ్‌రాడ్ (గుండు కూరే కడ్డీ) మీద బరువంతా వేయాల్సి వస్తోంది. కొలరాడో మజిల్‌లోడర్ వేట సీజన్‌కి మ్యూల్ డీర్ (జింక), వీలైతే ఎల్క్ (పెద్ద దుప్పి). మందు పెంచాలా, తగ్గించాలా?

నల్లమందు:
మందు జోలికి వెళ్లే ముందు, పేల్చాక ముందు పడిన ప్యాచ్‌లు ఏరుకు రండి. సాధారణంగా పది పదిహేను గజాల్లోపే దొరుకుతాయి. మీ తుపాకి సంగతంతా వాటి మీదే రాసి ఉంటుంది.

గుండు కూర్చున్న చోట గుండ్రటి నల్ల మరక ఉండి, చుట్టూ గాడుల గీతలు సమంగా కనబడి, అంచులు కాస్త పీచులేస్తే ప్యాచ్ బాగున్నట్టే. మధ్యలో కాలి చిల్లు పడితే గుడ్డ పలచన, లేదా జిడ్డు చాలలేదు. గాడుల గీతల వెంట కోసినట్టు చీలితే మూతి దగ్గర రైఫ్లింగ్ అంచు పదునుగా ఉంది, గుండు లోపలికి వెళ్లేటప్పుడే గుడ్డ తెగుతోంది. అనుమానముంటే ఒక గుండును మూతిలోకి రెండంగుళాలే దించి, మందు లేకుండా బయటికి లాగి చూడండి. అప్పటికే తెగి ఉంటే తప్పు మూతిదే. ఈ పరీక్షకి ముందు బ్యారెల్ ఖాళీ అని ర్యామ్‌రాడ్ దించి ఖాయం చేసుకోండి, నిపుల్ (క్యాప్ తొడిగే చిన్న గొట్టం) మీద క్యాప్ (నిప్పు రాజేసే చిన్న టోపీ) ఉండకూడదు.

.490 గుండుకి .500 బోర్‌లో చుట్టూ ఒక్కో వైపు .005 మాత్రమే ఖాళీ. కానీ గాడి లోతు దానికి అదనం. .010 గుడ్డ ఆ గాడి అడుగుదాకా నిండదు, అందుకే వాయువు పక్కనుంచి తప్పించుకుని గుడ్డని కాల్చేస్తుంది. .015తో మొదలుపెట్టి .018 దాకా చూడండి. గట్టి నేత ఉన్న నూలు గుడ్డే కావాలి, సింథటిక్ కలిస్తే కరిగి బోర్‌కి అంటుకుంటుంది. మందం కొలిచేటప్పుడు మైక్రోమీటర్‌తో గట్టిగా నొక్కి కొలవండి, వదులుగా కొలిచిన అంకె మోసం చేస్తుంది.

ఆ తర్వాతే మందు. 60 గ్రెయిన్ల దగ్గర మొదలుపెట్టి ఐదేసి పెంచుతూ, ఒక్కో మెట్టుకి ఐదు గుండ్లు. తుపాకి తయారీదారు చెప్పిన గరిష్ఠం దాటొద్దు. మెట్టు మారినప్పుడు గుడ్డ, జిడ్డు, గుండు ఏవీ మార్చకండి, మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

గురిచూపు:
మొదటి గుండు సంగతికి వస్తే, వేటలో మీకు దక్కేది ఆ గుండే. కాబట్టి లోడ్ కుదిరిందా అని తేల్చాల్సింది దానితోనే.

నూనె రాసి దాచిన బ్యారెల్‌లో నూనె మిగిలితే మొదటి గుండు తప్పుతుంది, మందు కూడా తడుస్తుంది. ఆల్కహాల్‌తో ఒక గుడ్డ, పొడిగా రెండు తోయండి. మందు పోయకముందు ఖాళీ నిపుల్ మీద రెండు క్యాప్‌లు పేల్చండి. మూతి దగ్గర ఎండుటాకు కదిలిందంటే నిపుల్ నుంచి బ్యారెల్‌లోకి నిప్పు దారి తెరుచుకున్నట్టు.

తర్వాత ప్రతి గుండుకీ ఒకే తీరున తుడవాలి. కొద్దిగా తడిపిన గుడ్డ ఒకసారి కిందికి, పైకి. తిప్పి ఇంకోసారి. ఆపైన పొడి గుడ్డ. గుడ్డ కారేంత తడిగా ఉన్నా, జాగ్ (గుడ్డ పట్టే కడ్డీ మొన) మరీ బిగుతుగా ఉన్నా మసంతా కిందికి నెట్టి నిప్పు దారిని మూసేస్తుంది. క్యాప్ పేలి తుపాకి పేలకపోవడానికి ఎక్కువ సార్లు కారణం ఇదే. అలా జరిగితే మూతి లక్ష్యం వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగండి.

నాలుగోది బిగుసుకోవడం దగ్గర అసలు ప్రమాదముంది. గుండు మందు మీద పూర్తిగా ఆనకుండా మధ్యలో ఆగితే బ్యారెల్ ఉబ్బుతుంది, పగలొచ్చు కూడా. శుభ్రమైన బ్యారెల్‌లో సరిగా కూరినప్పుడు ర్యామ్‌రాడ్ మీద మూతి దగ్గర గీత గీయండి. ప్రతిసారీ గీత అక్కడికి రావాలి. గుండు ఆనాక ర్యామ్‌రాడ్‌ని ఎగరేసి కొట్టొద్దు, ప్రతిసారీ ఒకే బలంతో నొక్కితే చాలు. మందు మార్చితే గీత కొత్తగా గీయాలి.

మందుకొమ్ము నుంచి నేరుగా బ్యారెల్‌లోకి పోయొద్దు. లోపల నిప్పు రవ్వ మిగిలి ఉంటే కొమ్మంతా అంటుకుంటుంది. ఎప్పుడూ కొలతపాత్రలో పోసుకునే.

అడవిబాట:
ఇద్దరికీ ధన్యవాదాలు. ప్యాచ్‌లు ఏరి చూశాను, అన్నింటికీ మధ్యలో చిల్లే. గుడ్డ మార్చాల్సిందే. ఇంకొకటి: ఎల్క్‌కి ఈ గుండు సరిపోతుందా? నల్లమందు దొరక్కపోతే దాని బదులు అమ్మే ట్రిపుల్ సెవెన్ అనే మందు అదే కొలతతో వాడొచ్చా?

సీసపుగుండు:
అదే కొలతతో వద్దండి. ట్రిపుల్ సెవెన్‌కి బలం ఎక్కువ, నల్లమందుకి సమానం కావాలంటే కొలత 15 శాతం తగ్గించాలి. ఉదాహరణకి 80 బదులు 68. కొలత ఘనపరిమాణంతోనే, తూకంతో కాదు. ట్రిపుల్ సెవెన్ పేలాక, మందు కూర్చున్న చోటికి కాస్త పైన గట్టి మసి వలయం కడుతుంది, గుండుకీ గుండుకీ మధ్యలో తుడవక తప్పదు. పొగలేని మందు మాత్రం చిటికెడు కూడా ఈ తుపాకిలో పోయొద్దు.

.490 గుండు బరువు సుమారు 177 గ్రెయిన్లు. 100 గజాలు చేరేసరికి వేగంలో దాదాపు 40 శాతం పోతుంది, శక్తి మూడో వంతుకి పడిపోతుంది. మ్యూల్ డీర్‌కి 75 గజాల్లోపు, పక్కనుంచి ఊపిరితిత్తుల మీదైతే సరే. ఎల్క్‌కి కొలరాడోలో .50 చట్టరీత్యా చెల్లుతుంది గానీ, నా ఉద్దేశంలో గుండు వద్దు, కోనికల్ (మొన ఉన్న పొడుగు తూటా) వాడండి. థాంప్సన్/సెంటర్ మ్యాక్సీ-బాల్ 370 గ్రెయిన్లది మీ 48 అంగుళాల చుట్టుకి నప్పుతుంది. మందు మాన్యువల్‌లోని కనిష్ఠం నుంచి మొదలుపెట్టండి. దాని కింద ఊలు ఫెల్ట్ బిళ్ల వేస్తే మందుకి జిడ్డు అంటదు.

కోనికల్‌తో ఒక ఇబ్బంది ఉంది: గుడ్డ పట్టు లేదు కాబట్టి, మూతి కిందికి వంచి నడిస్తే కుదుపుకి ముందుకి జారుతుంది. గంటకోసారి క్యాప్ తీసేసి, ర్యామ్‌రాడ్ దించి గీత చూసుకోండి. సబాట్లు (తూటా చుట్టూ తొడిగే ప్లాస్టిక్ తొడుగులు), పెల్లెట్ మందు (బిళ్లలుగా అచ్చువేసినది) కొలరాడోలో మజిల్‌లోడర్ సీజన్‌లో కుదరవు. మిగతా నియమాలు ఆ ఏటి బ్రోషర్‌లో చూసుకోండి.

సీసం మెత్తటిదే వాడండి. గుండ్లు తూచి, ఒక గ్రెయిన్‌కి మించి తక్కువున్నవి పక్కన పెట్టండి, లోపల గాలి బుడగ ఉంటుంది. పోత గుర్తు (అచ్చులో సీసం పోసిన చోట మిగిలే మచ్చ) ఎప్పుడూ పైకే ఉండేలా మూతి మీద పెట్టండి.